"వెళ్లిపోతాను" అన్న ప్రతిచోటా సున్నా చుట్టండి: అబ్సర్డ్ నాటకం వేసేవాళ్లకి ఒక ప్రాంప్టర్ చెప్పే పద్ధతి

పెన్సిల్ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి. స్క్రిప్టు చదువుతూ "వెళ్లిపోతాను", "పద పోదాం", "నన్నొదిలెయ్" లాంటి మాట కనిపించిన ప్రతిచోటా సున్నా చుట్టండి. ఆ మాట అన్న మనిషి నిజంగా వెళ్లాడా లేదా అన్నది పక్కన రాయండి. బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గొడో' అయినా, 'ఎండ్‌గేమ్' అయినా, సార్త్ర్ 'నో ఎగ్జిట్' అయినా మొదటి రోజు పని ఇంతే. అస్తిత్వవాదం అంటే ఏమిటన్న ఉపన్యాసం ఆ రోజు వద్దు. రెండో రోజూ వద్దు.

నేను డైరెక్టర్ని కాదు, నటినీ కాదు. ప్రాంప్టర్ని, అంటే నటులు మాట మర్చిపోతే వేదిక పక్కన వింగ్‌లోంచి అందించేదాన్ని. ఉండేది చిక్కడపల్లిలో. పగలు ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపింగ్, సాయంత్రం రిహార్సల్లో పుస్తకం పట్టుకుని కూర్చోవడం, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అలాగే గడిచింది. రిటైరయ్యాక టైపింగ్ పోయింది, పుస్తకం ఉండిపోయింది. పద్యనాటకాలకి అందించాను, పరిషత్తు నాటికలకి అందించాను. వింగ్ పక్కన కూర్చునేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. హాల్లో వాళ్లకి నటుల మొహాలు కనిపిస్తాయి, మాకు ఇద్దరు నటుల మధ్య ఉన్న జాగా పక్కనుంచి కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు అరడుగు ముందుకేశారు, ఎవరు ఎవరి మాటకి ఊపిరి బిగబట్టారు అన్నది మాకే బాగా తెలుస్తుంది. అబ్సర్డ్ నాటకంలో, అంటే అర్థం దొరకని బతుకుని చూపించే అసంబద్ధ నాటకంలో, అసలు సరుకు ఆ జాగాలోనే ఉంటుంది.

ఇప్పుడు మా బిల్డింగ్ టెర్రస్ మీద ఆదివారాలు చిన్న బృందం చేరుతుంది. మెట్రోలో వచ్చే కూకట్‌పల్లి సాఫ్ట్‌వేర్ అబ్బాయి, సిద్దిపేట నుంచి వచ్చి పీజీ చదువుతున్న కుర్రాడు, ఒక స్కూల్ టీచరమ్మ, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు, నన్ను అక్కా అంటారు. వాళ్లతో చేస్తున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నాటకం ఎంచుకోండి

కొత్తవాళ్లయితే ఇద్దరే మనుషులున్న నాటకం తీసుకోండి. ఎడ్వర్డ్ ఆల్బీ 'ది జూ స్టోరీ'కి ఇద్దరు మగవాళ్లు, ఒక పార్కు బెంచీ చాలు. అది 1959లో బెర్లిన్‌లో మొదటిసారి ఆడింది. అదే సాయంత్రం దానితో పాటు వేసిన రెండో నాటకం బెకెట్ 'క్రాప్స్ లాస్ట్ టేప్'. హెరాల్డ్ పింటర్ 'ది డంబ్ వెయిటర్'కి ఒక గది, రెండు మంచాలు, గోడలో పైకీ కిందికీ సామాన్లు చేరవేసే చిన్న లిఫ్టు కావాలి. లిఫ్టు తయారుచేయడం కాస్త తలనొప్పి. అయనెస్కో 'ది చెయిర్స్' తీసుకుంటే ముసలి దంపతులు కనిపించని అతిథులకి కుర్చీలు తెచ్చి వేస్తూనే ఉంటారు (చివర్లో వచ్చే వక్తకి మాత్రం మూడో మనిషి కావాలి). కుర్చీలు టెంట్ హౌస్‌లో దొరుకుతాయి గానీ, ఇనప కుర్చీలు తెస్తే ఆ చప్పుడులో డైలాగు మునిగిపోతుంది. ప్లాస్టిక్‌వి తెచ్చుకోండి.

'గొడో'ని మొదటి ప్రయత్నంగా తీసుకోవద్దని నా సలహా. పొడవెక్కువ, పేరూ ఎక్కువ. పేరున్న నాటకం ముందు కుర్రాళ్లు చేతులు కట్టుకుని నిలబడిపోతారు. కానీ ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా దాన్నుంచే ఇస్తాను. అందులో ఎస్ట్రాగాన్, వ్లాదిమీర్ అనే ఇద్దరు ఒక చెట్టు దగ్గర గొడో అనే మనిషి కోసం ఎదురుచూస్తుంటారు, అతను రాడు. ఇద్దరు మనుషులు ఒకర్నొకరు ఎలా పట్టుకుని వేలాడతారో దానంత వివరంగా చూపించిన నాటకం నేను వేరే చదవలేదు.

పుస్తకాలకి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ చూడండి. ఈ నాటకాల ఇంగ్లీషు ప్రతులు కాలేజీ సిలబస్ పుణ్యమా అని అప్పుడప్పుడు దొరుకుతాయి, మార్జిన్లలో ఎవరో రాసుకున్న నోట్సుతో సహా. ఆ నోట్సు చదవకండి. అవి పరీక్ష కోసం రాసినవి.

హక్కుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బెకెట్ 1989లో చనిపోయారు. మన చట్టంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ నడుస్తుంది. టెర్రస్ మీద చదువుకోవడం వేరు, టికెట్ పెట్టి వేయడం వేరు. బయట వేయాలంటే అనువాదానికీ ప్రదర్శనకీ ముందే అనుమతి తెచ్చుకోవాలి. బెకెట్ విషయంలో ఇంకా జాగ్రత్త. 1984లో అమెరికాలో ఒక బృందం 'ఎండ్‌గేమ్'ని సబ్‌వే స్టేషన్ సెట్‌లో పెడితే ఆయన గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1988లో నెదర్లాండ్స్‌లో ఆడవాళ్లు 'గొడో' వేస్తే కోర్టుదాకా వెళ్లింది. (అక్కడ ఆడవాళ్లే గెలిచారు. మా టీచరమ్మకి ఈ సంగతి చాలా ఇష్టం.) అందుకని "మనం దీన్ని ఇమ్లీబన్ బస్టాండ్‌లో జరిగినట్టు మార్చేద్దాం అక్కా" అని ఎవరైనా అంటే, రిహార్సల్లో సరదాకి మార్చుకోండి, వేదిక మీద మాత్రం ఆయన రాసిన చెట్టు, మట్టిదారి, సాయంత్రం, అంతే.

తత్వం ఎంత కావాలి

ఒక పేజీ. అంతకంటే ఎక్కువైతే నటులు డైలాగుని శ్లోకంలా చెప్పడం మొదలుపెడతారు.

ఆ పేజీలో ఏముండాలంటే: మనిషి ముందుగా ఉనికిలోకి వస్తాడు, తానేమిటన్నది తర్వాత తన పనులతో తానే తయారుచేసుకుంటాడు అన్నది ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1945లో అస్తిత్వవాదం గురించి ఇచ్చిన ప్రసంగంలోని మాట. కాబట్టి ఎన్నుకునే స్వేచ్ఛ అతనికి తప్పదు, దాన్నుంచి పారిపోవడానికి వేషాలూ పాత్రలూ వేస్తుంటాడు. మనిషి అర్థం కావాలని అడుగుతాడు, లోకం జవాబివ్వదు, ఆ రెంటి ఢీకొట్టుడే అసంబద్ధత అన్నది కామూ 1942 నాటి 'మిత్ ఆఫ్ సిసిఫస్'లోని మాట. మార్టిన్ ఎస్లిన్ 1961లో 'థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్' అనే పుస్తకం రాసి ఈ నాటకాలకి ఆ పేరు స్థిరపరిచారు. సార్త్ర్, కామూ తమ నాటకాల్లో లోకం అర్థరహితమని పద్ధతిగా, తర్కంగా వాదిస్తారనీ, బెకెట్, అయనెస్కో లాంటివాళ్లు వాదించకుండా ఆ గందరగోళాన్నే నాటకంగా కట్టి చూపిస్తారనీ ఆయన తేడా చెప్పారు. నటుడికి ఇది పనికొచ్చే తేడా. మీ పాత్ర ఏదీ నిరూపించక్కర్లేదు.

మా సిద్దిపేట కుర్రాడు, నవీన్ రాసిన 'అంపశయ్య' చదివి వచ్చాడు. 1969లో వచ్చిన ఆ నవలంతా ఉస్మానియా హాస్టల్ కుర్రాడి ఒక్కరోజు ఆలోచనలే. అదే ధోరణిలో ఎస్ట్రాగాన్ పాత్రని లోపల్లోపల ఆలోచిస్తూ చదివాడు. నవలలో అది చెల్లుతుంది, అక్కడ రచయిత మనల్ని ఒకే బుర్రలో కూర్చోబెడతాడు. వేదిక మీద మీ బుర్రలోకి ఎవరూ రాలేరు. ఏమున్నా ఎదుటివాడి మీదకి వెళ్లాల్సిందే. "గోడకి చెప్పకు, బాబాయ్‌కి చెప్పు" అన్నాను. మళ్లీ చదివాడు. తేడా వాడికే తెలిసింది.

సున్నాలు చుట్టాక

ఇప్పుడు సున్నాలన్నీ ఒకచోట చూడండి. 'గొడో'లో ఎస్ట్రాగాన్ పోదామంటాడు, వ్లాదిమీర్ పోలేమంటాడు, ఎందుకంటే గొడో కోసం ఎదురుచూస్తున్నాం అంటాడు. ఇదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. రెండు అంకాల చివరా పోదామనుకుంటారు, కదలరు. 'ఎండ్‌గేమ్'లో కూర్చోలేని క్లోవ్, లేవలేని గుడ్డి హామ్‌ని వదిలిపోతానంటూనే ఉంటాడు. చివర్లో టోపీ, కోటు, గొడుగు, సంచీతో ప్రయాణానికి తయారై వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. తెర పడేదాకా అక్కడే. 'నో ఎగ్జిట్' 1944 నాటిది. నరకంలో ఒక గదిలో ముగ్గురు. మూసిన తలుపు మీద బాదీ బాదీ గార్సాన్ అలిసిపోతాడు, ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంటుంది. బయటికి వెళ్లడు. మిగతా ఇద్దరూ కూడా వెళ్లరు. ఇతరులే నరకం అన్న మాట దాని తర్వాత వస్తుంది. ఆ మాటని జనం తప్పుగా పట్టుకున్నారని సార్త్రే తర్వాత వివరణ ఇచ్చుకున్నారు: ఎదుటివాళ్లతో సంబంధం వంకరపోయినప్పుడే వాళ్లు నరకమవుతారని ఆయన ఉద్దేశం.

కాపలావాడు లేడు, గొలుసు లేదు, తలుపు తీసే ఉంది. అయినా వెళ్లరు. స్వేచ్ఛ గురించి రాసిన పేజీలన్నీ నటుడికి పనికొచ్చేది ఈ ఒక్కచోటే. కాబట్టి ప్రతి సున్నా దగ్గర ఇద్దరు నటుల్నీ విడివిడిగా రెండు ప్రశ్నలు అడగండి. "వెళ్తానన్నప్పుడు నువ్వు వాడి నుంచి ఏం రాబట్టాలనుకుంటున్నావు?" రెండోవాడిని: "వాడు నిజంగా వెళ్తే ఈ రాత్రి నీకేమవుతుంది?" జవాబు ఒక్క వాక్యంలో, పనికి సంబంధించినదిగా ఉండాలి. "ఒంటరితనం" అంటే ఒప్పుకోవద్దు. "నా బూటు ఎవరూ లాగరు" అంటే ఒప్పుకోండి.

మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి వ్లాదిమీర్ తరఫున ఈ ప్రశ్నకి చాలాసేపు ఆలోచించి, "నేను మాట్లాడుతుంటే ఎవరూ విసుక్కోరు అక్కా" అన్నాడు. విసుక్కునేవాడు కావాలి! ఆ జవాబు దొరికాక ఆ అబ్బాయి నటన మారిపోయింది.

ఇద్దరి మధ్య లెక్క రాయండి

కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఒకడి దగ్గరున్నవి, రెండోవైపు ఇంకొకడి దగ్గరున్నవి రాయండి. ఎస్ట్రాగాన్‌కి బూట్ల బాధ, వ్లాదిమీర్‌కి టోపీ బాధ. ఒకడు నిన్నటిది మర్చిపోతాడు, ఇంకొకడికి గుర్తుంటుంది, గుర్తుండటమే వాడి శిక్ష. ఒకడికి నిద్ర వస్తుంది, కల వస్తుంది, కల చెప్పబోతే రెండోవాడు విననంటాడు. ఒకడు రాత్రిళ్లు ఎక్కడో దెబ్బలు తింటాడు, ఇంకొకడికి నవ్వితే పొత్తికడుపు నొప్పి. ముల్లంగి, క్యారెట్ వ్లాదిమీర్ జేబులో ఉంటాయి, ఆకలి ఎస్ట్రాగాన్‌కి వేస్తుంది.

రెండో అంకంలో ఒక పని ఉంది, చాలామంది తొందరలో దాటేస్తారు. ఎస్ట్రాగాన్ ముడుచుకుని నిద్రపోతాడు. వ్లాదిమీర్ జోలపాడి, తన కోటు విప్పి వాడి భుజాల మీద కప్పుతాడు. కప్పి, చలికి తట్టుకోలేక చేతులూపుకుంటూ అటూ ఇటూ నడుస్తాడు. ఎస్ట్రాగాన్ ఉలిక్కిపడి లేస్తే పరుగెత్తుకెళ్లి పట్టుకుంటాడు. దీనికి డైలాగు లేదు కాబట్టి ప్రాంప్టర్‌కి ఇక్కడ పనిలేదనుకుంటారు. నేను మాత్రం ఈ భాగాన్ని పుస్తకంలో ఎర్రపెన్సిల్‌తో గీసుకుంటాను. లోకానికి అర్థముందా లేదా అన్న ప్రశ్న అలాగే ఉంది, కోటు మాత్రం చేతులు మారింది. ఈ పనిని అభినయించకండి. మామూలుగా, ఇంట్లో చేసినట్టు చేయండి. మా బాబాయ్ మొదటిసారి కోటు కప్పినప్పుడు కాలరు సర్ది, మెడ దగ్గర గాలి చొరకుండా నొక్కాడు. ఎవరూ చెప్పలేదు. మనవడికి అలాగే చేస్తాడట. అది అలాగే ఉంచేశాం.

ఇద్దరూ ఒకర్నొకరు ఏమని పిలుచుకోవాలన్నది తెలుగులో చదివేటప్పుడు మొదటి గంటలోనే తేల్చుకోండి. అన్నేళ్లు కలిసి తిరిగిన మనుషులు "మీరు" అనుకోరు. మావాళ్లకి "ఒరేయ్" బాగా కుదిరింది. దారిలో ఎదురయ్యే జమీందారు పోజో వచ్చాక అతనితో మాత్రం "అయ్యా", "తమరు". 'జూ స్టోరీ'లో పీటర్, జెర్రీ అపరిచితులు కాబట్టి "అండీ"తో మొదలుపెట్టి, జెర్రీ ఏ వాక్యం దగ్గర దాన్ని వదిలేస్తాడో వెతకండి. ఆ ఒక్కచోటు దొరికితే సగం దర్శకత్వం అయిపోయినట్టే.

తాడు

పోజో తన మనిషి లక్కీని మెడకి తాడు కట్టి తోలుకొస్తాడు. మొదటి అంకంలో తాడు పొడవు. రెండో అంకంలో పోజోకి కళ్లు పోతాయి, లక్కీకి మాట పోతుంది, గుడ్డివాడు వెంట నడవడానికి వీలుగా తాడు బాగా పొట్టిదవుతుంది. యజమాని ఎవరో, బానిస ఎవరో ఈ పొడవు చెప్పేస్తుంది, మీరు వేరే చెప్పక్కర్లేదు. రిహార్సల్ మొదటి రోజు నుంచే నిజం తాడు వాడండి. బేగంబజారులో నూలు తాడు కొనుక్కోండి, నైలాన్ తాడు వద్దు, చర్మం కోసేస్తుంది. మెడకి ఉరిముడి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. భుజాల కింద ఛాతీకి బెల్టులా కట్టి, మెడ చుట్టూ వదులుగా గుడ్డపట్టీ వేసి, లాగితే ఊడిపోయేలా వెల్క్రో పెట్టండి. లాగే బలం ఛాతీ మీద పడాలి.

తర్వాత ఒక పని చేయించండి. లక్కీ పాత్రధారి కళ్లు తెరిచి, పోజో పాత్రధారి కళ్లు మూసుకుని, పొట్టి తాడుతో టెర్రస్ చుట్టూ తిరగాలి. తాడు ఎవరి చేతిలో ఉంటే వాడే నడిపిస్తాడన్న అపోహ రెండు రౌండ్లలో పోతుంది.

చూపు

సార్త్ర్ ఎదుటివాడి చూపు గురించి చాలా రాశారు: నన్ను ఎవరో చూస్తున్నారని తెలియగానే నేను మారిపోతాను. దీన్ని అర్థం చేసుకోడానికి బాబాయ్ చెప్పింది చాలు. "యూనిఫాం వేసుకున్నప్పుడు నా గొంతే వేరు. 'ముందుకు జరగండమ్మా' అనే గొంతు ఇంట్లో ఎప్పుడూ రాలేదు." పోజో అదే. తాను మాట్లాడబోయే ముందు అందరూ తన వైపే చూస్తున్నారా అని సరిచూసుకుంటాడు. చూపు లేకపోతే అతను జమీందారు కాదు, రోడ్డు మీద పైపు పారేసుకున్న ఒక లావాటి మనిషి.

దీనికి రెండోవైపు వ్లాదిమీర్. గొడో దగ్గర్నుంచి కబురు తెచ్చే పిల్లవాడిని పట్టుకుని, మమ్మల్ని చూశానని ఆయనకి చెప్పు అంటాడు. రెండో అంకంలో ఇంకా ఆందోళనగా, నన్ను చూశావుగా, రేపొచ్చి చూడలేదనవుగా అని అడుగుతాడు. బెకెట్ 'హ్యాపీ డేస్'లో నడుముదాకా, తర్వాత మెడదాకా మట్టిలో కూరుకుపోయిన విన్నీ కూడా అంతే. భర్త విల్లీ జవాబివ్వకపోయినా పర్లేదు, వినబడేంత దూరంలో ఉంటే చాలు.

రిహార్సల్లో ఇలా చేయండి. వ్లాదిమీర్ ఆ మాట అంటున్నప్పుడు పిల్లవాడి పాత్రధారి కళ్లలోకి చూడకుండా నేల చూడాలి. అడిగేవాడు మోకాళ్లు వంచి వాడి కళ్లు పట్టుకునే ప్రయత్నం చేయాలి. మాటలు అలాగే ఉంటాయి, గొంతు దానంతట అదే మారుతుంది. పిల్లవాడిగా వేసేది నిజంగా చిన్నపిల్లాడైతే వాళ్లమ్మని కూడా రిహార్సల్‌కి రమ్మనండి. ఇది తత్వం కాదు, మర్యాద.

మౌనం

ఇది నా శాఖ కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

పద్యనాటకంలో నటుడు ఆగితే నాకు రెండే అర్థాలు: ఊపిరి తీసుకుంటున్నాడు, లేదా మర్చిపోయాడు. పరిషత్తు నాటికలో ఆగితే చప్పట్ల కోసం ఆగాడు. ఈ నాటకాల్లో ఆగడం కూడా డైలాగే. పింటర్ స్క్రిప్టులో మూడు రకాలుంటాయి: మూడు చుక్కలు, 'పాజ్', 'సైలెన్స్'. ఆయన నాటకాలు ఎన్నో చేసిన దర్శకుడు పీటర్ హాల్ వీటిని వేర్వేరుగా పాటించాలని పట్టుబట్టేవారు. మూడు చుక్కలంటే మాట కోసం తడబాటు. పాజ్ అంటే మాట ఆగింది, లోపలి పోట్లాట ఆగలేదు. సైలెన్స్ అంటే ఏదో ముగిసింది, తర్వాత మాట్లాడేవాడు కొత్త మనిషిగా మాట్లాడాలి.

'డంబ్ వెయిటర్'తో సాధన చేయండి. బెన్, గస్ ఇద్దరూ కిరాయి హంతకులు, పై నుంచి ఆర్డరు కోసం ఎదురుచూస్తుంటారు. గస్ ప్రశ్నలడుగుతాడు, బెన్ పేపర్ చదువుతాడు. టీ కెటిల్ గురించి ఏమనాలి అన్నదానిమీద గొంతు పట్టుకునేదాకా వెళ్తారు. ఆ గొడవ కెటిల్ గురించి కాదని మీకు తెలుసు, వాళ్లకి తెలియదు. అలాగే ఆడాలి. ప్రతి పాజ్ దగ్గరా ఈ మౌనం ఎవరిదో రాసుకోండి. గస్ అడిగాక బెన్ మాట్లాడకపోతే ఆ మౌనం బెన్‌ది, అతను దాన్ని వాడుకుంటున్నాడు. గస్ భరిస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి మౌనాన్ని "నటిస్తే" ఫోటోకి నిలబడ్డట్టుంటుంది.

సెకన్లు లెక్కపెట్టించకండి. లెక్కపెడుతున్న నటుడి పెదవులు మొదటి వరసకి కనిపిస్తాయి. దాని బదులు మౌనంలో చేయడానికి ఒక పని ఇవ్వండి: అడిగిన ప్రశ్నని మనసులో రెండోసారి అడగడం, లేదా ఎదుటివాడి చేతులు చూడటం. పని అయ్యేదాకా మౌనం ఉంటుంది.

ఇక ప్రాంప్టర్‌కి, నటుడికి మధ్య ఒప్పందం. నటుడు నిజంగా మర్చిపోయాడా, మౌనంలో ఉన్నాడా అన్నది నాకు ఎలా తెలుస్తుంది? మేం పెట్టుకున్న గుర్తు: మర్చిపోతే వింగ్ వైపున్న చెయ్యి తొడ మీద ఆనిస్తారు. ఆ గుర్తు కనిపిస్తేనే అందిస్తాను. లేకపోతే ఎంతసేపైనా నోరు మెదపను. అందించేటప్పుడు వాక్యం మొదటి మాట కాకుండా పనికొచ్చే మాట ఇవ్వాలి. ఎందుకంటే 'గొడో'లో సగం వాక్యాలు ఒకేలా మొదలవుతాయి. మొదటి మాట అందిస్తే నటుడు రెండు పేజీలు వెనక్కి వెళ్లిపోయే ప్రమాదముంది, వెనక్కి వెళ్లాడని ప్రేక్షకుడు కనిపెట్టను కూడా కనిపెట్టలేడు. పుస్తకంలో ప్రతి పునరుక్తికీ పక్కన ఏ పేజీలో ఇంకోసారి వస్తుందో రాసిపెట్టుకోండి. ప్రాంప్టర్ లేని బృందాలు ఈ పని కనీసం ఒక నటుడికి అప్పగించాలి. ఇయర్‌ఫోన్‌లు వద్దు. చెవిలో మాట వినేవాడు ఎదుటివాడి మాట వినడు.

ఏడవకండి

మనవాళ్లకి బరువైన విషయం అనగానే గొంతు వణుకుతుంది. ఈ నాటకాలకి అది విషం. బెకెట్ 'గొడో'ని ట్రాజికామెడీ అన్నారు. ఇద్దరు మనుషులు మూడు టోపీలు మార్చుకునే ఆట, చివర్లో తాడు విప్పితే ప్యాంటు జారిపోవడం, ఇవన్నీ పాత సర్కస్, మూకీ సినిమా సరుకు. బస్టర్ కీటన్‌తో ఆయన ఒక చిన్న సినిమా కూడా తీయించారు. మనకీ ఈ సరుకు తక్కువ లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కథ మధ్యలో దూరి తిట్టుకుంటారు, వాళ్లు లేకపోతే రామాయణం ముందుకు సాగదు. బుర్రకథలో వంతలు కథకుడి మాట కింద పడకుండా అందుకుంటారు. వ్లాదిమీర్ కూడా ఒకచోట, అప్పుడప్పుడైనా బంతి తిరిగి వెయ్యొచ్చుగా అని గొణుగుతాడు. అందుకే మా దగ్గర రిహార్సల్ ముందు వంత ఆట ఉంటుంది. ఒకరు ఏదైనా అంటారు, రెండోవాళ్లు ప్రశ్న వేయకుండా, కాదనకుండా అందుకోవాలి. ఎవరి దగ్గర ఆగితే వాళ్లు కింద నుంచి టీ తేవాలి.

లక్కీ చెప్పే పొడవాటి, ఫుల్‌స్టాపు లేని ఉపన్యాసానికి తెలంగాణ పిట్టలదొరని గుర్తుచేసుకోండి. తల మీద టోపీ, చేతిలో కట్టె తుపాకి, నోట్లో ఆగని గొప్పలు. సిద్దిపేట కుర్రాడు ఆ ఊపు పట్టుకుని లక్కీని చదివితే అందరం నవ్వాం. టోపీ లాగేస్తేగానీ లక్కీ ఆగడు కదా, లాగేశాక వాడు కూలబడ్డప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ముందు నవ్వు రాకపోతే ఆ రెండోది రాదు.

బెంచీ, బట్టలు, లైట్లు

'జూ స్టోరీ' చేస్తుంటే ఒక పొద్దున ఇద్దర్నీ ఇందిరా పార్కుకి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టండి. అపరిచితుడు పక్కన కూర్చుంటే ఎవరు ఎంత జరుగుతారో గమనించమనండి. జెర్రీ ఒక కుక్క కథ చెప్తాడు. దాన్ని మచ్చిక చేసుకోబోయి, కుదరక విషం పెట్టి, చివరికి ఇద్దరూ ఒకర్నొకరు పట్టించుకోని రాజీకి వస్తారు. మనుషుల మధ్య కూడా చివరికి మిగిలేది ఆ రాజీయేనా అన్నది వాడి బెంగ. ఆ కథ పార్కులోనే చెప్పించి చూడండి. కత్తి మాత్రం అట్టముక్కదైనా పార్కుకి తీసుకెళ్లొద్దు.

బట్టలు ఇంట్లోవే. లైటు ఒకే రంగు, తక్కువ మార్పులు. పొగ మిషన్ వద్దు.

ఆహ్వానం, ఆ తర్వాత

1956లో అమెరికాలో 'గొడో' మొదటి ప్రదర్శన మయామీలో జరిగింది. పగలబడి నవ్వించే నాటకమని ప్రచారం చేశారు. జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది నవంబరులో అదే నాటకాన్ని శాన్ క్వెంటిన్ జైల్లో 1,400 మంది ఖైదీల ముందు వేస్తే కదలకుండా చూశారు. ఎదురుచూడటం ఏమిటో వాళ్లకి ఎవరూ వివరించనక్కర్లేదు. మీ వాట్సాప్ ఆహ్వానంలో "నవ్వుల జల్లు" అని గానీ, "తాత్విక దృశ్యకావ్యం" అని గానీ రాయకండి. ఇద్దరు మనుషులు, ఒక సాయంత్రం, ఇంత నిడివి, ఇంటర్వెల్ ఉంది. చాలు.

హాలు చిన్నది చూసుకోండి. రవీంద్రభారతి మెయిన్ స్టేజీ మీద ఈ మౌనాలు చివరి వరసకి చేరవు. లమకాన్ లాంటి ఆరుబయటి జాగాలో మనుషులు దగ్గరగా ఉంటారు, కాకపోతే పక్కవీధి హారన్లు కూడా మీ నాటకంలో భాగమవుతాయి. వాటికి నటులు ఉలిక్కిపడకుండా టెర్రస్ రిహార్సల్ పనికొస్తుంది.

ప్రదర్శన అయ్యాక గొడో ఎవరని తప్పకుండా అడుగుతారు. అమెరికన్ దర్శకుడు ఆలన్ ష్నైడర్ ఇదే అడిగితే, తెలిస్తే నాటకంలోనే రాసేవాడిని కదా అన్నారు బెకెట్. మా బాబాయ్ జవాబు వేరు: "బస్సెప్పుడొస్తదని స్టాపుల నన్నడిగేటోళ్లు. నేనున్నది బస్సులనే కదా, నాకేమెరుక?" మీరు ఏ జవాబూ ఇవ్వకుండా ప్రశ్న మార్చండి. "ఈ ఇద్దరిలో మీ ఇంట్లో మీరెవరు?" అని అడగండి. కాసేపు ఎవరూ మాట్లాడరు, ఈ మౌనం వాళ్లది, పూరించకండి. మొన్న మా టెర్రస్ పఠనానికి వచ్చిన ఒక పెద్దావిడ, "పోదాం పోదాం అనేది నేనే, కదలనిది ఈయన" అని భర్తని చూపించింది. అలాంటప్పుడు మైకు ఆయనకీ ఇవ్వండి.